నిప్పుల పొయ్యికి పెరటిలో కప్పు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది చీరాల దగ్గర ఉత్తరముఖం ఇల్లు. వెనుక, అంటే దక్షిణం వైపు, 30 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు గల ఖాళీ పెరడు ఉంది. ప్రతి సంక్రాంతికీ పిల్లలందరూ వచ్చినప్పుడు బొగ్గుల మీద కోడి, రొయ్యలు కాల్చుకోవడం అలవాటైంది. ఈసారి ఆగ్నేయ మూలలో ఇటుకలతో బార్బెక్యూ పొయ్యి కట్టించి, మూడు వైపులా గోడ లేపి, పైన తాటాకు కప్పించాలని అనుకుంటున్నాము. చల్లగా ఉంటుందని తాటాకు. ఇది సరైన ఆలోచనేనా? (ఒక పాఠకురాలు)

జవాబు: మూల సరైనదే, తాటాకు, మూడు గోడలు మాత్రం మానుకోండి.

ముందు మూల సంగతి చూద్దాము. వాస్తు ప్రకారం ఆగ్నేయం అగ్నిస్థానమని మీరు ఎంచుకుని ఉంటారు. శాస్త్రాన్ని పక్కన పెట్టి గాలిని బట్టి చూసినా ఆ ఎంపిక చాలావరకు నిలుస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వీచే నైరుతి గాలి ఆ మూలలోని పొగను ఈశాన్యానికి, అంటే మీ తూర్పు ప్రహరీ అవతలికి తీసుకుపోతుంది. అక్టోబరు తరువాత ఈశాన్య గాలి అదే పొగను దక్షిణపు ప్రహరీ మీదుగా దాటిస్తుంది. రెండు కాలాల్లోనూ పొగ మీ ఇంటి మీదికి రాదు (పొరుగువారి ఇంటి మీదికి పోవచ్చు, ఆ మాట వారితో ముందే అనుకోవడం మంచిది). చిక్కల్లా సముద్రపు గాలితోనే. మీ తీరంలో, ముఖ్యంగా ఎండాకాలపు సాయంత్రాల్లో, అది ఆగ్నేయం నుంచే వీచి పొగను నేరుగా మీ వెనుక గుమ్మంలోకి తోస్తుంది. అందువల్ల మేస్త్రీని పిలిచే ముందు నాలుగైదు సాయంత్రాలు ఆ మూలలో ఒక అగరొత్తు వెలిగించి, పొగ ఎటు పోతున్నదో గమనించండి. పొయ్యిని ఇంటి గోడకు కనీసం 12 అడుగుల దూరంలో కట్టించండి. ప్రహరీకి మాత్రం అంటించవద్దు. పొయ్యి చుట్టూ 3 అడుగులు వదిలితే గాలి మారినప్పుడు వండేవారు పక్క మార్చుకోగలుగుతారు. మూడు వైపులా గోడ ఉంటే ఆ వీలు ఉండదు. పైగా బొగ్గుల నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు కనుక, మూసుకున్న చోట అది ప్రాణాంతకం. వాన పడుతున్నదని రగిలే కుంపటిని వరండాలోకి తేవడం కూడా ఇందుకే ప్రమాదం.

ఇక కప్పు. మాంసం కొవ్వు బొగ్గుల మీద పడినప్పుడు మంట ఒక్కసారిగా లేస్తుంది, నిప్పురవ్వలు ఎగురుతాయి. ఎండిన తాటాకుకు ఒక్క రవ్వ చాలు. తాటాకు పందిరి మీద మీకు మక్కువైతే కూర్చుని తినే చోట, పొయ్యికి దూరంగా, గాలి వీచి వచ్చే వైపున వేసుకోండి. ఆస్బెస్టాస్ సిమెంటు రేకులు అంతకన్నా మేలేమీ కాదు. వేడి తగిలితే పగిలి పేలతాయి, కోసేటప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు హానికరం. ఫైబరు రేకులు కరుగుతాయి. జింకు పూత గల ఇనుప రేకులే మీకు తగినవి. కప్పు దిగువ అంచు 8 అడుగులకు తగ్గకుండా, రెండు వాలుల మధ్య కొప్పు దగ్గర ఒక జానెడు ఖాళీ వదిలి, దాని మీద చిన్న రేకు గొడుగులా పెట్టించండి. పాత పెంకుటింటి వంటగదిలో పొగ పెంకుల సందుల్లోంచి దానంతటదే పోయేది. రేకు కప్పులో ఆ దారి మనమే వదలాలి.

మీ ప్రాంతంలో కప్పు బరువు కన్నా, దానిని పైకి లేపే గాలే పెద్ద సమస్య. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను మీకు దగ్గరలోని బాపట్ల వద్దనే తీరం దాటింది. నాలుగు వైపులా తెరిచిన షెడ్డు కింద దూరిన గాలి రేకులను పైకి ఎత్తుతుంది. మీది ఇసుక నేల అయితే ఒక్కొక్క స్తంభానికి 2 అడుగుల చదరం, 3 అడుగుల లోతు గొయ్యి తీసి కాంక్రీటు నింపించండి. ఆ దిమ్మ బరువే కప్పును పట్టి ఉంచుతుంది. ఉప్పుగాలికి మామూలు ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కనుక జింకు పూత పైపులే వాడండి, వెల్డింగు చేసిన చోట్ల మళ్లీ పూత వేయించండి.

పొయ్యి ఎత్తు వండేవారి నడుము దాకా వస్తే చాలు. నిప్పు తగిలే లోపలి వరుసకు అగ్ని ఇటుకలు వాడి, మామూలు సిమెంటుకు బదులు వేడిని తట్టుకునే మట్టితో అతికించాలి. కడప బండను పక్కన సామాను పెట్టుకునే అరుగుకు వాడుకోవచ్చు గాని బొగ్గుల కింద పరచవద్దు. వేడికి పొరలు పొరలుగా లేచి పగులుతుంది. వంట ముగిసిన తరువాత బూడిదను మూత గల ఇనుప బకెట్టులో వేసి మరునాటి దాకా ఉంచండి. చల్లారినట్టు కనిపించే బొగ్గు లోపల తెల్లవారేదాకా రగులుతూనే ఉంటుంది.

ప్రశ్న: హైదరాబాదులో మా అపార్ట్‌మెంటు మేడ మీద ఇలాంటి షెడ్డు వేసుకోవచ్చా? (మరొక పాఠకుడు)

జవాబు: వద్దు. మేడ మీది స్థలం అందరిది, సంఘం అనుమతి లేకుండా అక్కడ ఏదీ కట్టకూడదు. అనుమతి దొరికినా ఇటుక పొయ్యి వేడికి నీరు దిగకుండా వేసిన పూత పగిలి, కింది అంతస్తు వారి కప్పు కారడం మొదలవుతుంది. కాళ్లు గల ఇనుప గ్రిల్లును, కింద ఇసుక పరచిన రేకుపళ్లెం పెట్టి, నీళ్ల ట్యాంకులకూ విద్యుత్ తీగలకూ దూరంగా ఆ పూటకు వాడుకుని తీసివేయండి.