ముఖం దాచినా స్టీలు క్యారియర్ పట్టిస్తుంది

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం. నేను గే. నాలుగేళ్లుగా నా పార్ట్‌నర్‌తో ఉంటున్నాను. ఒంగోలులో అమ్మానాన్నలకు అతను రూమ్మేట్ అనే తెలుసు. చెల్లికి నిజం చెప్పాను, తనకిప్పుడు సంబంధాలు చూస్తున్నారు. ఫొటోగ్రాఫర్ అయిన ఫ్రెండ్ ఒకామె ఏడాదిపాటు మా రోజువారీ బతుకును ఫొటోలు తీసి ప్రదర్శన పెడతానంటోంది. ముఖాలు చూపించదట. నాకు ఇష్టమే. ఒప్పుకోవచ్చా?

సలహా: మీకు ఇష్టమే అన్నారు. ఆయనకు ఇష్టమో కాదో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ముందు అది తేల్చండి. మీ మాట కాదనలేక తలూపితే లెక్కలోకి రాదు.

ఆమె ఆలోచన నాకు నచ్చింది. గే అనగానే మన సినిమాల్లో వెకిలి హాస్యమే ఎక్కువ. పప్పులో తాలింపు పెడుతూ కరెంటు బిల్లు దగ్గర గొడవపడే ఇద్దరు మగవాళ్లను చూపించినవాళ్లు తక్కువ.

ముఖం లేకుండానూ గొప్ప ఫొటోలు వస్తాయి. ఢిల్లీలో పుట్టిన ఫొటోగ్రాఫర్ సునీల్ గుప్తా 1986-87లో ‘ఎగ్జైల్స్’ పేరుతో అక్కడి గే మగవాళ్లను ఇండియా గేట్ లాంటి చోట్ల తీశారు. అప్పటికి స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసే 377 సెక్షన్ ఉంది. చాలా ఫొటోల్లో మనిషెవరో పోల్చుకోలేం. కానీ అవి ఊరందరూ తిరిగే చోట్లు. మీది ఇల్లు. వంటింటి గట్టు మీద మీ నాన్న పేరు చెక్కిన స్టీలు క్యారియర్ ఉంటుంది, మేకుకు ఆఫీసు ఐడీ కార్డు వేలాడుతుంటుంది. పెద్దమ్మకు ఆ క్యారియర్ చాలు.

అందుకని ఫొటోలు తీయనివ్వండి, బయట పెట్టనివ్వకండి. మీ ఇద్దరి సంతకం లేనిదే ఏ ఫొటో బయటికి రాదని కాగితం రాసుకోండి. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే చిన్న ముక్కలకూ అదే షరతు. రేపు మీరిద్దరూ విడిపోతే ఆ ఫొటోలు ఏమవ్వాలో కూడా ఇప్పుడే రాయండి. అడగడానికి ఇబ్బందే, అయినా అడగండి.

ప్రదర్శన కంటే ముందు అమ్మకు మీరే చెప్పాలి. అనుమతి కోసం కాదు, పక్కింటావిడ ఫోన్‌లో చూపిస్తే ఆమె తట్టుకోలేదు కాబట్టి. ఎప్పుడు చెప్పాలో చెల్లిని అడిగి చూడండి, కానీ తనను రాయబారానికి పంపకండి. ఫొటోల ఊసు ఆ రోజు ఎత్తొద్దు.

2018లో సుప్రీంకోర్టు స్వలింగ సంబంధం నేరం కాదంది, నిజమే. తీర్పు చదివి వినిపిస్తే నాన్న కరిగిపోతారని మాత్రం అనుకోకండి. ‘డాక్టర్‌కి చూపిద్దాం, మారతాడు’ అని ఇంట్లో ఎవరో ఒకరు అనే అవకాశం ఉంది. అలాంటి ‘వైద్యం’ వృత్తిపరమైన తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే ప్రకటించింది. మీకు తెలిసిన మంచి సైకియాట్రిస్టు ఎవరైనా ఉంటే ఆ ముక్క ఆయన చేతే చెప్పించండి. నాన్నకు మీ నోట కంటే డాక్టరు నోట వింటేనే ఎక్కుతుంది.