1966 ఎంజీబీలో కొత్త స్టీరియో: 2,400 పౌండ్లలో ఏది అవసరం?

ప్రశ్న: మాది తెనాలి. పదేళ్లుగా ఇంగ్లండులో, కోవెంట్రీలో ఉంటున్నాం. నిరుడు 1966 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు తీసి నడిపే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) కొన్నాను. కాలేజీ రోజుల నుంచి ఉన్న కోరిక. ఫోనులోని పాటలు వినేలా స్టీరియో పెట్టించాలని అడిగితే ఒక షాపువాళ్లు 2,400 పౌండ్లు చెప్పారు. వైరింగు, ఎర్త్ మార్పిడికి 550, స్టీరియోకి 450, తలుపుల్లో స్పీకర్లకు 600, యాంప్లిఫయరు, సబ్‌వూఫరుకి (గంభీరమైన శబ్దాలకు విడి స్పీకరు) 800. నెలకు 92 చొప్పున 36 నెలలు కట్టొచ్చట. ఇంటి ఖర్చు, అమ్మానాన్నలకు పంపేది కలిపి నెలకు 2,600 అవుతుంది. బ్యాంకులో 6,000 ఉన్నాయి. వాయిదాల్లో తీసుకోమంటారా?

జవాబు: వద్దండి. 92 చొప్పున 36 నెలలంటే 3,312 పౌండ్లు. అందులో 912 వడ్డీకే పోతుంది. అంటే స్టీరియో ఖరీదుకు రెట్టింపు. అలాగని పొదుపులోంచి 2,400 ఒక్కసారిగా తీయమనీ చెప్పను. మీ 6,000 రెండు నెలల పైచిలుకు ఖర్చుకే సరిపోతాయి. పరాయి దేశంలో ఉద్యోగం చేస్తూ, ఊళ్లో తల్లిదండ్రులను చూసుకుంటున్నవారికి కనీసం మూడు నెలల ఖర్చు, అంటే 7,800, చేతిలో ఉండాలి.

పాటలు మానుకోమని మాత్రం నేను అనను. ఇష్టపడి కొన్న కారు. పైకప్పు తీసి పల్లె దారుల్లో తిరుగుతూ పాత తెలుగు పాటలు వినాలనుకోవడం మంచి కోరిక. కాకపోతే ఆ ఎస్టిమేటులో ఉన్నవన్నీ ఆ కారు మోయగలిగినవి కావు. అది చూడాలంటే బానెట్ ఎత్తాలి.

1967 చివర్లో వచ్చిన మార్క్ 2 (ఆ కారు రెండో రకం) దాకా ఎంజీబీలన్నీ పాజిటివ్ ఎర్త్‌వే. బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిసి ఉంటుంది. ఇప్పటి స్టీరియోలు దాదాపు అన్నీ నెగటివ్ ఎర్త్‌కు, అంటే మైనస్ వైపు బాడీకి కలిసేలా చేసినవి. స్టీరియో పెట్టె రేకు గానీ యాంటెనా తీగ పైపొర గానీ బాడీకి తగిలితే షార్టే. అందుకే 550 పౌండ్ల మొదటి పద్దు ముఖ్యమైనది. బ్యాటరీ తీగలు తిప్పి పెట్టినంత మాత్రాన ఆ పని పూర్తి కాదు. ఇంజను తిరిగేటప్పుడు కరెంటు ఇచ్చే డైనమోకు పోలారిటీ (ప్లస్, మైనస్ వరస) మళ్లీ పట్టించాలి, ఇగ్నిషన్ కాయిల్ కనెక్షన్లు మార్చాలి. మీ కారులో ఇంజను వేగం చూపే టాకోమీటరు కరెంటుతో నడిచేది. దాన్ని లోపల మార్చకుండా వదిలేస్తే సరిగ్గా పనిచేయదు, పాడవొచ్చు కూడా. ఇవన్నీ ఆ 550లోనే ఉన్నాయా అని అడిగి కాగితం మీద రాయించుకోండి. లేకపోతే బిల్లు తర్వాత పెరుగుతుంది.

అరవై ఏళ్ల వైరింగును అనుభవమున్న ఆటో ఎలక్ట్రీషియను చేత చూపించుకోవడం పాటలు ఉన్నా లేకపోయినా చేయాల్సిన పనే. ఇలాంటి కార్లలో నేను భయపడేది తుప్పు కన్నా కాలిపోయే తీగలకే. పొదుపులోంచి ఇప్పుడు తీయాల్సిన డబ్బు ఆ 550 ఒక్కటే.

యాంప్లిఫయరు, సబ్‌వూఫరు కొట్టేయండి. మీ కారు డైనమో పూర్తి వేగంలో ఇచ్చేదే 22 ఆంపియర్లు, అంటే 300 వాట్ల లోపు. రాత్రిపూట హెడ్‌లైట్లకే ఎనిమిది ఆంపియర్ల దాకా కావాలి. వైపర్లు, హీటరు ఫ్యాను, ఇగ్నిషన్ వాటా తీసేస్తే మిగిలేది కొద్దిగానే. ట్రాఫిక్‌లో ఆగినప్పుడైతే డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు. అప్పుడు పాటకు కరెంటు బ్యాటరీ నుంచే వస్తుంది. 800 పెట్టి యాంప్లిఫయరు కొన్నాక, దాన్ని నడపడానికి డైనమో బదులు ఎక్కువ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటరు కూడా కావాలంటారు. పైకప్పు లేని కారులో అరవై మైళ్ల వేగంలో గాలి హోరే గెలుస్తుంది, సబ్‌వూఫరు కాదు.

తలుపుల్లో స్పీకర్ల కోసం ప్యానెళ్లు కోయించకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. రేపు అమ్మాల్సి వస్తే కొనేవాడు మొదట చూసేది అవే. ఆ కారులో రేడియోకి, స్పీకరుకి డాష్‌బోర్డు మధ్య కింద ఉండే కన్సోల్లోనే చోటుంది. పాత రేడియోలా రెండు నాబ్‌లతో కనిపిస్తూ లోపల బ్లూటూత్ ఉండే సెట్లు దొరుకుతున్నాయి. కుడి, ఎడమ రెండు ఛానళ్లూ ఒకే స్పీకరులో వినిపించేలా రెండు కాయిళ్లున్న స్పీకరు కన్సోల్లో పెట్టిస్తే దేన్నీ కోయనక్కర్లేదు.

ఇక సెట్టుకు డబ్బు. షాపుకు కడదామనుకున్న ఆ 92 పౌండ్లనే నవంబరు నుంచి మార్చి దాకా విడిగా ఒక ఖాతాలో వేయండి. ఐదు నెలల్లో 460 అవుతుంది. చలికాలం ఎలాగూ కారు గ్యారేజీలోనే ఉంటుంది. సెట్టు కొన్నాక కూడా ఆ 92 ఆపకండి. స్పీకరు ఖర్చు పోగా మిగిలింది 7,800 చేరేదాకా అత్యవసర నిధికి వెళ్లాలి. తెనాలికి పంపేదాంట్లో ఒక్క పౌండూ తగ్గించొద్దు.

బ్రిటన్‌లో సొంత కారు అమ్మితే వచ్చే లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు. నష్టమొస్తే దాన్ని వేరే లాభంలోంచి తగ్గించుకోవడమూ కుదరదు. కాబట్టి దీని మీద పెట్టే ప్రతి పౌండూ మీ సరదా ఖర్చే, పెట్టుబడి అనుకోకండి. నలభై ఏళ్లు దాటిన కారుగా మీకు రోడ్డు టాక్స్ కట్టే పని లేదు. స్టీరియో పెట్టినంత మాత్రాన ఆ మినహాయింపు పోదు. బీమా కంపెనీకి మాత్రం ఎర్త్ మార్చిన సంగతీ, స్టీరియో సంగతీ ముందే రాసి చెప్పండి. పాలసీ మార్కెట్ విలువకా, ముందుగా ఒప్పుకున్న విలువకా అన్నది కూడా అప్పుడే కనుక్కోండి. ఇలాంటి కారుకు రెండోదే ఉండాలి.

ఎలక్ట్రీషియనుతో మరో రెండు మాటలు. స్టీరియో తీగకు బ్యాటరీ దగ్గరే విడిగా ఫ్యూజు వేయమనండి. వారాల తరబడి కదలని కారు కాబట్టి బ్యాటరీకి కనెక్షను తెంచే కటాఫ్ స్విచ్ కూడా పెట్టించండి. పని మొదలయ్యే ముందు డాష్‌బోర్డు వెనక తీగలన్నిటినీ ఫొటోలు తీసుకోండి. విప్పిన పాత భాగాలను స్క్రూలతో సహా ఒక డబ్బాలో వేసి గ్యారేజీలో దాచండి.