మార్చుకోవచ్చు అని వదిలేయకు

తమ్ముడికి,

సుమాత్రా పీడీఎఫ్ మీద, అంటే విండోస్‌లో పీడీఎఫ్‌లు చదివే ఉచిత ప్రోగ్రాం మీద, నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష శుభ్రంగా ఉంది, తప్పులు లేవు. చివరి పేరా దగ్గర మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. ఈ ఉత్తరం అందుకే.

సుమాత్రా పీడీఎఫ్‌లో షార్ట్‌కట్లు మనకు తగ్గట్టు మార్చుకోవడం ఎలా అని శీర్షిక పెట్టావు. దాని కింద మూడు పేజీల టేబుల్, ఏ కీ నొక్కితే ఏం జరుగుతుందో వరసగా. టేబుల్ అయ్యాక "ఈ కీలను మీకు నచ్చినట్టు మార్చుకోవచ్చు" అని ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకున్నావు. శీర్షికలో నువ్వు ఇచ్చిన మాటంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది కదా! టేబుల్ ఎవరికైనా దొరుకుతుంది. ఎవరు మార్చుకోవాలి, ఎందుకు, మారిస్తే ఏం పోతుంది, వద్దనుకుంటే వెనక్కి ఎలా రావాలి, ఇవి చెప్పడానికే నువ్వు కావాలి.

నేను విజయవాడలో ఒక ప్రెస్సుకి ప్రూఫులు దిద్దేవాణ్ణి. పక్కన కాగితం మీద ప్రూఫు, ఎదురుగా స్క్రీన్ మీద పీడీఎఫ్, కుడిచేతిలో పెన్ను. బాణం కీలు కుడివైపు, పేజ్ డౌన్ కుడివైపు, కిందికి జరిపే జె కూడా కుడిచేతి కిందే. జరపాల్సి వచ్చినప్పుడల్లా పెన్ను పక్కన పెట్టి, కీ నొక్కి, మళ్లీ పెన్ను తీసుకుని, ఆగిన చోటు వెతుక్కోవాలి. సాయంత్రానికి మణికట్టు లాగేసేది. అప్పట్లో నాకు దొరికిన వ్యూయర్లలో కీలు మార్చే వీలే లేదు.

సుమాత్రాలో ఆ వీలు 2022లో, 3.4 వెర్షన్‌తో వచ్చింది. సెట్టింగ్స్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నొక్కితే ఒక టెక్స్ట్ ఫైలు తెరుచుకుంటుంది. అందులో షార్ట్‌కట్స్ అనే భాగంలో, చదరపు బ్రాకెట్ల మధ్య ఒక వరసలో కమాండ్ పేరు, దాని కింది వరసలో కీ రాసి సేవ్ చేయాలి. కిందికి జరపడానికి ఎఫ్, పైకి జరపడానికి డి పెట్టుకుంటే ప్రూఫులు దిద్దేవాడి కుడిచేయి పెన్ను వదలక్కర్లేదు. అయితే ఎఫ్ అప్పటికే ఫుల్‌స్క్రీన్‌కి ఉంది, ఆ పని దానికి పోతుంది. ఫుల్‌స్క్రీన్‌కి ఎఫ్11 ఎలాగూ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. ఆ వరసలు చెరిపేసి సేవ్ చేస్తే మళ్లీ పాత పద్ధతే. ఇంత రాస్తే ఒక మనిషికి నిజంగా పనికొచ్చే పేరా అవుతుంది.

నువ్వు టేబుల్ ఎందుకు పెట్టావో నాకు తెలుసు. పత్రికలు అదే అడుగుతాయి. యాభై షార్ట్‌కట్లు, వంద చిట్కాలు అంటూ అంకె కనపడితే గానీ ఎడిటర్లకి శీర్షిక తోచదు. ఒక పత్రికలో నా వ్యాసం నుంచి కారణాలన్నీ కోసేసి, కీల పట్టీ ఒక్కటే అచ్చేశారు. ఫుల్‌స్క్రీన్‌లోంచి ఎస్కేప్ నొక్కి బయటికి రావచ్చన్న వాక్యం కూడా ఆ కోతలో పోయింది. ఒక రిటైర్డ్ మాస్టారు నాకు ఉత్తరం రాశారు: "ఎఫ్ నొక్కాను, మెనూలు మాయమైపోయాయి, కంప్యూటర్ చెడిపోయిందేమోనని కరెంటు ఆపేశాను" అని. ఆయన పడ్డ టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ నాకు మంటే. అందుకే చెప్తున్నా, ఏ కీ గురించి రాసినా దాన్నుంచి వెనక్కి వచ్చే దారి అదే వాక్యంలో రాయి. పక్క పేరాలో పెట్టావంటే ఎవరో ఒకరు కోసేస్తారు.

ఇంకో సంగతి. తెలుగు కీబోర్డ్ ఆన్ చేసి ఒక్కసారైనా చూశావా? మన పాఠకుడు ఒక కిటికీలో తెలుగు టైప్ చేస్తూ, ఇంకో కిటికీలో పీడీఎఫ్ చదువుతాడు. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీల అమరికలో జె కీ మీద ర ఉంటుంది, పైకి జరిపే కె మీద క. లినక్స్‌లో జథురా అనే పీడీఎఫ్ వ్యూయర్ వాడేవాళ్లకి ఇది రోజూ ఉండే బాధ. జె నొక్కితే వ్యూయర్‌కి ర చేరుతుంది, పేజీ కదలదు. భాష మార్చడం మర్చిపోయామని తట్టేదాకా కీబోర్డ్‌నే అనుమానిస్తాం. బాణాలు, పేజ్ అప్, పేజ్ డౌన్, పై వరసలో ఎఫ్1, ఎఫ్2 లాంటి కీలు ఏ భాషలోనైనా మారవు. తెలుగులో టైప్ చేసేవాళ్లకి ఆ కీలే ఇవ్వమని నువ్వు కాకపోతే ఇంకెవరు చెప్తారు?

కంట్రోల్ ఎఫ్‌తో ఏ మాటైనా క్షణంలో దొరుకుతుందని రాశావు. యూనికోడ్ కాని అను ఫాంట్లతో చేసిన పాత తెలుగు పీడీఎఫ్‌లో యూనికోడ్‌లో టైప్ చేసి వెతికి చూడు, దొరకదు. స్కాన్ చేసిన పుస్తకమైతే అందులో ఉన్నవి బొమ్మలే. అలాంటి పుస్తకాలు చదివేవాళ్లకి కావాల్సింది కంట్రోల్ జి, అంటే పేజీ నంబరు ఇచ్చి అక్కడికి వెళ్లడం. ముందుమాటల వల్ల అచ్చు నంబరుకీ ఫైలు నంబరుకీ తేడా వస్తుందని కూడా చెప్పాలి.

మౌస్ గురించి ఒక్క ముక్క లేదు. పక్కన రెండు బటన్లున్న మౌస్ అయితే కీల పని మార్చే ఆటోహాట్‌కీ అనే ప్రోగ్రాంతో వాటికి పేజ్ అప్, పేజ్ డౌన్ ఇవ్వచ్చు. సుమాత్రా కిటికీ ముందున్నప్పుడు మాత్రమే పనిచేసేలా షరతు పెట్టాలి, లేకపోతే బ్రౌజర్‌లో వెనక్కి వెళ్లే బటన్ పోతుంది. ఇది వేరే వ్యాసంగా రాయి, ఇందులో ఇరికించకు.

పారితోషికం సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు ఆ టేబుల్ తీసెయ్. ప్రూఫులు దిద్దేవాళ్లనో, పరీక్షకి చదివే పిల్లలనో, కోర్టు కాగితాలు చూసే గుమాస్తానో ఎంచుకుని పక్కన కూర్చో, వాళ్ల చేతులు చూడు. వాళ్లు మాటిమాటికీ చేసే పని ఒకటి పట్టుకుని, దానికి కీ మార్చి, ఒక వారం వాళ్లనే వాడనివ్వు. వాళ్లేమన్నారో రాసి నాకు పంపు.

మీ అన్నయ్య