మీ ప్రశ్న – మా జవాబు: 'కంగారు పడొద్దు' అన్న మాట వెనుక

ప్రశ్న: ఎమర్జెన్సీలో హక్కులు పోతున్నా జనం ఎలా ఊరుకున్నారు? అంతా భయమేనా?

జవాబు: భయం ఉంది, కానీ మాటల పని తక్కువేం కాదు. 1975 జూన్ 26 ఉదయం ఇందిరాగాంధీ రేడియో ప్రసంగంలో కర్త ఎవరో గమనించండి. అత్యవసర పరిస్థితి ప్రకటించింది 'రాష్ట్రపతి', కంగారు పడక్కర్లేదు అన్నారు. అక్కడ 'నేను' లేదు. సామాన్యుడికి మేలు చేసే చర్యలు 'నేను' మొదలుపెట్టినప్పటి నుంచీ కుట్ర సాగుతోంది అనేటప్పుడు మాత్రం వచ్చింది. అలా ఆమెను ప్రశ్నిస్తే పేదల మేలును అడ్డుకున్నట్టే అయింది. అలహాబాద్ హైకోర్టు ఆమె ఎన్నికను రద్దు చేసి అప్పటికి రెండు వారాలే. అయినా ఇది వ్యక్తిగత విషయం కాదన్నారు. ఎప్పుడు ఎత్తేస్తారు? వీలైనంత త్వరగా అన్నారే గానీ తేదీ లేదు. 21 నెలలు నడిచింది.

మాట ఒక్కటే చాలదు లెండి, ఎదురుమాట వినబడకూడదు. ముందు రాత్రే ఢిల్లీలో పత్రికల ప్రెస్సులకు కరెంటు తీసేశారు, తర్వాత సెన్సార్‌షిప్. జూలై 1న 20 సూత్రాల కార్యక్రమం: వెట్టిచాకిరీ రద్దు, మిగులు భూముల పంపిణీ వగైరా. అణచివేత పక్కనే ఆశ.

బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఇళ్లదాకా వచ్చిన ఉత్తరాదిలో ఈ మాటలు చెల్లలేదు. 1977లో రాయ్‌బరేలీలో ఆమే ఓడారు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌వే. నంద్యాల ఒక్కటే జనతా పార్టీ తరఫున నిలబడ్డ నీలం సంజీవరెడ్డికి దక్కింది.