పాత లాప్‌టాప్‌కి వేరే రకం బ్యాటరీ వేయొచ్చా, ఎన్నాళ్లొస్తుంది?

వేయొచ్చండీ, కానీ మోడల్ పేరొక్కటే చెప్పి కొనకండి, ఒకే మోడల్‌కి రెండు మూడు రకాల బ్యాటరీలు ఉంటాయి, పాతదాని మీదున్న పార్ట్ నంబర్ ఫోటో తీసుకుని చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్లమ్మే రిచీ స్ట్రీట్‌కి వెళ్లండి. వోల్టేజ్ చాలా ముఖ్యం. 10.8, 11.1 వోల్ట్‌లు రెండూ మూడు సెల్స్ సిరీస్‌వే (అంటే ఒకదాని వెనక ఒకటి కలిపినవే) కాబట్టి ఒకదాని బదులు ఇంకోటి వేసినా పర్లేదు, 14.8 అంటే నాలుగు సెల్స్, అది మూడు సెల్స్ లాప్‌టాప్‌కి పెట్టకూడదు. వాట్ అవర్స్ (Wh, అంటే బ్యాటరీలో పట్టే మొత్తం ఎనర్జీ) ఎక్కువుంటే మంచిదే, బ్యాకప్ పెరుగుతుంది, సైజూ కనెక్టరూ సరిపోవాలంతే. లిథియం అయాన్ అయినా పాలిమర్ అయినా లోపల కెమిస్ట్రీ దాదాపు ఒకటే, మామూలుగా 300 నుంచి 500 ఫుల్ సైకిల్స్‌కి (మొత్తం ఛార్జ్ ఒకసారి వాడేస్తే ఒక సైకిల్) కెపాసిటీ 80 శాతానికి పడిపోతుంది, చెన్నై వేడికి ఇంకా తొందరగానే, అందుకే పరుపు మీద పెట్టి వాడొద్దు, ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచేవాళ్లు సెట్టింగ్స్‌లో ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆపే లిమిట్ ఉంటే పెట్టుకోండి. ఉబ్బిన బ్యాటరీ మాత్రం ఒక్కరోజు కూడా వాడకండి ప్లీజ్.