ఉప్పుటేరులో కయాక్ మీద గాలం: పోటు మంచిదా, పాటు మంచిదా?

కృష్ణపట్నం దగ్గర ఉప్పుటేరులో పండుగప్పకి ఏ వేళ వెళ్ళాలి, తిరుగు దారిలో బురదలో ఇరుక్కుంటున్నాం ఏం చేయాలి అని అడిగారు. పోటంటే సముద్రపు నీళ్ళు ఏటిలోకి ఎక్కడం, పాటంటే తిరిగి దిగడం. రెండూ పాటు వేళని బట్టే ఉంటాయి.

పోటు నిండితే నీళ్ళు మడచెట్ల వేళ్ళ మధ్యకి ఎక్కుతాయి. వాటితోపాటే రొయ్యలు, చిన్న బొంత చేపలు లోపలికి పోతాయి. నీళ్ళు తిరిగాక అవన్నీ పాయ మొగలోంచే, అంటే పాయ ఏటిలో కలిసే చోటు నుంచే, బయటికి రావాలి, పండుగప్ప అక్కడే కాచుకుంటుంది. కాబట్టి పాయలోకి దూరక్కర్లేదు. మొగకి పదిహేను మీటర్ల ఇవతల, సుడి అంచున లంగరు వేయండి.

లంగరు తాడు మాత్రం కయాక్ నడుముకి కట్టొద్దు. పాటు లాగుడుకి పక్కకి వాలి బోల్తా పడుతుంది. ముక్కుకో తోకకో, ఒక్క లాగుడుకి ఊడే ముడి వేయండి. తాడు కొసకి మూత బిగించిన ఖాళీ డబ్బా కడితే, పెద్ద చేప పడినా పడవ ఎదురొచ్చినా తాడు వదిలేసి పోవచ్చు, డబ్బా తేలుతుంటుంది.

ఎరగా గుచ్చే బతికున్న రొయ్యకి 3/0 సైజు గాలం చాలు. తలమీది ముల్లు కింద, లోపల నల్లగా కనిపించే మచ్చకి తగలకుండా గుచ్చండి. మచ్చలో దిగితే రొయ్య అక్కడికక్కడే చస్తుంది, ఇక జెల్ల చేపలే ఎక్కువ తగులుతాయి. జెల్ల ముల్లు దిగితే సలుపు అంత తొందరగా తగ్గదు, ప్లయర్‌తోనే విప్పండి. పండుగప్ప మొప్ప అంచు బ్లేడు లాంటిది, చివర 60 సెంటీమీటర్లు 40 పౌండ్ల లాగుడు తట్టుకునే లీడర్ (గాలానికి ముందు కట్టే మందపు దారం) ఉండాల్సిందే.

ఇరుక్కోవడానికి కారణం లెక్క తప్పడం. పాటు సుమారు ఆరు గంటలు నడుస్తుంది గానీ నీళ్ళు ఒకేలా దిగవు. మొదటి గంట కదిలినట్టే ఉండదు, మూడు, నాలుగో గంటల్లో సగం నీళ్ళు పోతాయి. పాయలోకి వెళ్ళినా రెండో గంట దాటకముందే బయటపడండి. ఇరుక్కుంటే దిగొద్దు! తొడల దాకా దిగబడతారు, అడుగున చిప్పలు కోస్తాయి. పోటు వచ్చేదాకా కయాక్‌లోనే కూర్చోవాలి, అందుకు తాగే నీళ్ళు రెండు లీటర్లు ఎక్కువే పెట్టుకోండి.

కయాక్ నీళ్ళలో దింపే చోటికి పడమట, ఎగువనున్న పాయని ఎంచుకోండి. పోటు కొసన ఎక్కి వెళ్తే, వచ్చేటప్పుడు పాటే తెస్తుంది. ఎండాకాలం పదకొండు దాటాక తూర్పు నుంచి సముద్రపు గాలి లేస్తుంది. అది పాటుకి ఎదురు తగిలి, సముద్రపు మొగ దగ్గర అలల్ని నిటారుగా లేపుతుంది. అటు ఓడల దారి కూడా, వెళ్ళొద్దు. పొద్దున ఆరు, ఏడు గంటలకి పోటు నిండే రోజు చూసుకోండి. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది.