ప్రచురణల జాబితా చదివే విధానం గురించి మేనకోడలికి

అనంతపురం

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

హెచ్‌ఐవీ మందుల మీద పని చేసే ఆ వైరాలజీ ఆచార్యుని ప్రచురణల జాబితా అందింది. ఆయన దగ్గర పీహెచ్‌డీకి చేరవచ్చునా అని అడుగుతూ, పత్రాల సంఖ్య కిందా హెచ్-ఇండెక్స్ (పత్రాలను ఇతరులు ఎంతగా ఉదహరించారో చెప్పే అంకె) కిందా గీతలు గీసి పంపావు. మన మార్కెట్ యార్డులో శెనక్కాయలు కొనేవాడు మూటను చూసి ధర కట్టడు. గుప్పెడు తీసి ఒలిచి, గింజ నిండిందో లేదో చూసుకుంటాడు. నువ్వూ ఆ జాబితాలో నాలుగైదు పత్రాలను ఒలిచి చూడు.

ఈ రంగంలో సంఖ్య ఎందుకు మోసం చేస్తుందో చెబుతాను. బెల్జియంలోని ల్యూవెన్‌లో ఉన్న రెగా వైద్య పరిశోధన సంస్థకు ఎన్నో దేశాల రసాయనశాస్త్ర శాఖలు తాము తయారుచేసిన సమ్మేళనాలను పరీక్షకు పంపేవి, పరీక్షించినవారి పేర్లు ఆ పత్రాలలో చేరేవి. అది విలువైన సేవ, అందులో తప్పేమీ లేదు. అయితే ఒకరి జాబితాలో అటువంటి పత్రాలు ఎన్ని, తానే ప్రశ్న వేసుకుని నడిపినవి ఎన్ని అన్న తేడా మొత్తం సంఖ్యలో కనిపించదు. అందుకే పేరు ఎక్కడుందో చూడాలి: సాధారణంగా మొదటి పేరు ప్రయోగం చేసినవారిది, చివరి పేరు ప్రయోగశాలను నడిపేవారిది. హెచ్‌ఐవీ మందుల శాస్త్రవేత్త హిరోకీ మిత్సుయా సంగతే తీసుకో. 1985లో ఏజెడ్‌టీ అనే మందు హెచ్‌ఐవీని అణచగలదని చూపిన పత్రంలో ఆయన మొదటి రచయిత, శామ్యూల్ బ్రోడర్ చివరి రచయిత. 2003లో, అరుణ్ ఘోష్ బృందం రూపొందించిన సమ్మేళనం మీద వచ్చిన పత్రంలో మిత్సుయా పేరు చివరకు చేరింది. ఆ సమ్మేళనమే 2006లో దరునవిర్ అన్న పేరుతో హెచ్‌ఐవీ మందుగా అనుమతి పొందింది. చేత్తో ప్రయోగం చేసినవాడు ప్రయోగశాలను నడిపే స్థాయికి చేరడం అంటే ఇదే. నీ ఆచార్యుని జాబితాలో ఆ ప్రయాణం కనిపించాలి.

వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. మందుకు పేరు పెట్టక ముందు వచ్చిన పత్రాలలో సంకేత నామమే ఉంటుంది. దరునవిర్ అని మాత్రమే వెతికితే ఆ 2003 పత్రం నీ కంట పడకపోవచ్చు, ఎందుకంటే అందులో అది యూఐసీ-94017, టీఎంసీ114. లెనకాపవిర్ అనే మరో హెచ్‌ఐవీ మందును జీఎస్-6207 అని కూడా వెతకాలి.

ఇక పత్రం తెరిచాక సారాంశంతో ఆగిపోకుండా నేరుగా పట్టికకు వెళ్లు. వైరస్‌ను సగానికి అణచే గాఢత ఒక గడిలో, కణాలను సగానికి చంపే గాఢత పక్క గడిలో ఉంటాయి. మొదటిది 8 మైక్రోమోలార్ (గాఢతకు కొలమానం), రెండోది 20 అని ఉంటే, ఆ సమ్మేళనం వైరస్‌ను అణిచిందో, వైరస్‌కు ఆశ్రయమిచ్చిన కణాన్నే కుంగదీసిందో చెప్పలేం. పైన చెప్పిన 2003 పత్రంలో మొదటి అంకె సుమారు 0.003, రెండోది 74. మధ్య తేడా ఇరవై వేల రెట్లకు పైమాటే. ఆ తరువాత, పరీక్షించినది ప్రయోగశాలలో పెంచే పాత వైరస్‌నేనా, లేక నెవిరపిన్, ఎఫవిరెంజ్ అనే మందులకు లొంగని, కే103ఎన్ వంటి జన్యు మార్పులున్న వైరస్‌ను కూడానా అని చూడు. సమ్మేళనం వైరస్ ప్రొటీన్‌లో ఎలా ఇముడుతుందో కంప్యూటర్‌లో అంచనా కట్టి (దీన్నే డాకింగ్ అంటారు), మార్కులు వేసి, అక్కడితో వదిలేసిన పత్రాలు ఇప్పుడు కుప్పలు తెప్పలుగా వస్తున్నాయి. నా మటుకు వాటిని లెక్కలోకి తీసుకోను.

పేటెంట్లను కూడా పక్కన పెట్టుకుని చదవాలి. ఏజెడ్‌టీని 1964లో జెరోమ్ హార్విట్జ్ క్యాన్సర్ కోసం తయారుచేశారు. హెచ్‌ఐవీ మీద దాని ప్రభావాన్ని మిత్సుయా, బ్రోడర్ ప్రభుత్వ ప్రయోగశాలలో చూపారు. పేటెంట్లు మాత్రం బరోస్ వెల్‌కమ్ కంపెనీ తీసుకుంది. 1994లో అమెరికా అప్పీలు న్యాయస్థానం ఆరింటిలో ఐదు పేటెంట్ల విషయంలో కంపెనీ శాస్త్రవేత్తలనే ఆవిష్కర్తలుగా నిలబెట్టింది. రచయిత కావడం వేరు, ఆవిష్కర్త కావడం వేరు. కంపెనీలో పని చేసినవారి జాబితాలో కొన్నేళ్లు ఖాళీ కనబడితే తొందరపడి తీసిపారేయవద్దు. పేటెంటు దరఖాస్తు పడేదాకా పత్రం బయటకు రాదు, కొన్నిసార్లు ఆ తరువాతా రాదు.

చివరగా, నీకు అన్నిటికన్నా అవసరమైనది: గత పదేళ్ల పత్రాలలో మొదటి రచయితలుగా ఉన్న విద్యార్థులు ఎవరు, వారు ఇప్పుడు ఎక్కడున్నారు? ఒకే పేరు అన్నిటా ముందుండి, తక్కినవారంతా మధ్యలో ఇరుక్కుపోయి ఉంటే, చేరే ముందు ఆ మధ్యలోనివారిలో ఒకరికి ఉత్తరం రాసి, పత్రం మొదటి ముసాయిదా ఎవరు రాస్తారో, వైరస్‌ను పెంచే కల్చర్ గదిలోకి కొత్తవారిని ఎన్నాళ్లకు రానిస్తారో అడుగు. జవాబు వచ్చాక, ఎంచుకున్న పత్రాలతో పాటు వాటి అనుబంధ పట్టికలు కూడా తీసి నాకు పంపు. వాటిని చూశాకే నా అభిప్రాయం చెబుతాను.

ఇట్లు,
నీ మేనమామ